పంచాంగం చూసుకొని దీవికి బయలుదేరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, పశ్చిమ మాంబళం నుంచి మావయ్య ఆశీస్సులు.

సంక్రాంతి తరువాత మీ దంపతులు అండమాన్‌లోని నీల్ దీవికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. కాలం మంచిదే ఎంచుకున్నారు. మే నుంచి అక్కడ వానలు పట్టుకుంటాయి. 2018లో ఆ దీవి పేరును షహీద్ ద్వీప్‌గా మార్చారు కనుక పడవ టికెట్టు మీద ఆ పేరు కనిపిస్తే కంగారుపడవద్దు.

తేదీలు ఖాయం చేసుకునే ముందు పంచాంగం ఒకసారి తిరగేయండి. ముహూర్తం కోసం కాదు, ఆటుపోట్ల కోసం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సముద్రం ఎంత పైకి వస్తుందో అంత వెనక్కి తీస్తుంది. లక్ష్మణ్‌పూర్ రెండవ బీచిలో సముద్రం తొలిచిన రాతి తోరణం దగ్గరికి ఆటు వేళలోనే, అంటే నీరు వెనక్కి తీసినప్పుడే, నడిచి వెళ్లగలం. ఆ సంగతి తెలియక మేము భోజనం చేసి నింపాదిగా బయలుదేరి, మోకాటి లోతు నీళ్లలో తడబడి, దూరం నుంచే దణ్ణం పెట్టి తిరిగివచ్చాము. మరునాడు బసలోని వంటమనిషి చెప్పిన వేళకు వెళితే, అదే చోట రాళ్ల గుంటలలో నిలిచిన నీటిలో చిటికెనవేలి గోరంత పీత ఒకటి తన శంఖాన్ని మోసుకుంటూ పోతున్నది. మీ అత్తయ్య దాని ముందు కూర్చుని ఎంతకీ లేవలేదు. ఆటు వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి మొదటి రోజే ఎవరినైనా అడిగి తెలుసుకోండి.

భరత్‌పూర్ బీచి సంగతి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఆటు వేళ అక్కడ పగడాలు బయటపడి కాలు పెట్టే చోటుండదు, పోటు వేళే స్నానానికి అనువు. మెరీనాలో అలలను చూసి మడమలు తడవగానే వెనక్కి పరుగెత్తేదానివి గదా. భరత్‌పూర్‌లో పగడపు దిబ్బలు అలల జోరును ముందే విరిచేస్తాయి. ఆ పగడాలు ప్రాణులు, వాటిని తొక్కవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికీ వర్తిస్తుంది కనుక ఒడ్డున దొరికిన ముక్కనైనా సంచిలో వేసుకోకూడదు.

నువ్వు కోరుకునే నిశ్శబ్దం కావాలంటే దీవిలో కనీసం రెండు రాత్రులు ఉండాలి. ఉదయం పడవలలో వచ్చిన జనం సాయంత్రానికి వెళ్లిపోతారు. అప్పుడు లక్ష్మణ్‌పూర్ ఒడ్డున కూర్చోండి, కాని అక్కడ మన చెన్నై కంటే దాదాపు ముప్పావుగంట ముందే చీకటి పడుతుంది, టార్చిలైటు మరువవద్దు.

గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు; అందువల్ల విమానానికి ఒక రోజు ముందే పోర్ట్‌బ్లెయిర్ (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) చేరుకోండి. చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

నాచు పట్టిన రాళ్ల మీద చెప్పులు నిలవవు. నా రబ్బరు బూట్లు అటక మీదే ఉన్నాయి; అల్లుడుగారికి సరిపోతాయేమో, ఆదివారం వచ్చి వేసుకొని చూడమను.

ఇట్లు,
మావయ్య