దేవుణ్ణి పక్కన పెడితే ప్రాణానికి విలువ ఎక్కడిది?

ప్రశ్న: ప్రాణం దేవుడిచ్చింది, తీసే హక్కు మనిషికి లేదని ఆస్తికులు అంటారు. మరి నాస్తికులంతా కారుణ్య మరణాన్ని సమర్థించినట్టేనా?

జవాబు: కాదు. జర్మన్ తత్వవేత్త కాంట్ 1785 నాటి నీతిశాస్త్ర గ్రంథంలో ఆత్మహత్యను తప్పుపట్టడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకోలేదు. బాధ తప్పించుకోవడానికి ప్రాణం తీసుకునేవాడు తనను తానే పనిముట్టులా వాడుకుంటున్నాడన్నది ఆయన వాదం. స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ దారి వేరు. సమాజానికి కొద్దిపాటి మేలు కోసం నేను పెద్ద బాధ భరించనక్కర్లేదని, ఆయన పోయాక 1777లో అచ్చయిన వ్యాసంలో ఉంది.

ఈ చర్చలో బాగా పనికొచ్చే విభజన అమెరికా న్యాయతత్వవేత్త రోనాల్డ్ డ్వార్కిన్‌ది (1993). నొప్పి లేకపోవడం, రుచి, పాట ఇవన్నీ అనుభవాలు. నా బతుకు ఇలా సాగాలి, ఇలా ముగియాలి అన్న పట్టింపు వేరే సంగతి. స్పృహ పూర్తిగా పోయిన రోగికి మొదటివి ఉండవు, రెండోది మిగిలే ఉంటుంది. ‘నొప్పి తెలియట్లేదుగా, ఉండనిద్దాం’ అంటే సరిపోనిది అందుకే.

ప్రశ్న: చట్టం ఒప్పుకున్నచోట ఏం చూస్తారు?

జవాబు: నెదర్లాండ్స్‌లో 2002 నుంచి ఉన్న చట్టం ఆయుష్షు ఎంత మిగిలిందని అడగదు. రోగి తనంతట తాను, బాగా ఆలోచించి కోరాలి. బాధ భరించలేనిదై, తగ్గే ఆశ లేనిదై ఉండాలి. వేరే దారి లేదని రోగీ డాక్టరూ ఇద్దరికీ నమ్మకం కుదరాలి. సంబంధం లేని మరో డాక్టరు రోగిని చూసి అభిప్రాయం రాసివ్వాలి. అంతా అయ్యాక సమీక్షా సంఘం పరిశీలిస్తుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 1997 నుంచి అమలవుతున్నది దాదాపు తిరగేసిన పద్ధతి: బాధ నిరూపించనక్కర్లేదు, ఆరు నెలల్లో ప్రాణం తీసే జబ్బు ఉండాలి, ప్రాణం పోవడానికిచ్చే మందు రోగే స్వయంగా తీసుకోవాలి. అక్కడ డాక్టరు ఇంజెక్షన్ ఇస్తే నేరం.

అసలు చిక్కు మతిమరుపు జబ్బుతో. నెదర్లాండ్స్‌లో ముందే రాసిపెట్టిన కాగితం చెల్లుతుంది. ‘పిల్లల్ని గుర్తుపట్టలేని స్థితి వస్తే నన్ను బతికించొద్దు’ అని రాసిన మనిషి, తీరా ఆ స్థితికి వచ్చాక నవ్వుతూ భోంచేస్తుంటే? కాగితానిదే పైచేయి అంటాడు డ్వార్కిన్. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు రెబెకా డ్రెస్సర్ ఒప్పుకోలేదు. ఎదురుగా ఉన్న ఈ మనిషి మేలే చూడాలంది. మాకైతే ఆమె మాటలోనే బరువు కనిపిస్తుంది. అందుకే అలాంటి కాగితం రాసేవారు ‘గుర్తుపట్టకపోతే’ అని ఆపకూడదు. అప్పుడు సంతోషంగా కనిపించినా ఇదే మాటా, లేక అప్పటి తీరే చూడాలా అన్నది విడిగా, స్పష్టంగా రాయాలి.