ఐదు ఆధారాలా, ఒకటేనా?

అమ్మాయీ,

ధవళేశ్వరం ఆనకట్ట మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. రాయడం బాగుంది. పేచీ అంతా చివర ఇచ్చిన ఆధారాల పట్టికతోనే. ఇంజనీరు పుస్తకం, కూతురు రాసిన జీవిత చరిత్ర, గెజెటీర్ (జిల్లా వివరాలతో సర్కారు వేసే పుస్తకం), పేపర్ కటింగు, అన్నిటినీ ఒకే గాటన కట్టేశావు.

జార్జ్ వాల్చ్ 1896లో గోదావరి డెల్టా పనుల మీద పుస్తకం వేశాడు. మద్రాసు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసినవాడు. కట్టడం వివరాలకు అతన్ని నమ్ము. రాళ్లు మోసిన కూలీల గురించి మాత్రం వేరే చోట వెతుక్కోవాలి. కాటన్ దొర 1899 జులైలో పోతే, మరుసటి ఏడాదే కూతురు లేడీ హోప్ ఆయన జీవిత చరిత్ర తెచ్చింది. అందులో తండ్రి మీద నిష్ఠూరాలు ఆశించకు. అలాగని పక్కన పెట్టకు, ఇంటివాళ్లకే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. వాడుకున్నప్పుడు "కూతురి మాట" అని చెప్పి వాడుకో.

గెజెటీర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. సర్కారు ముద్ర చూడగానే మూలాధారం, అంటే ఆ కాలంలోనే పుట్టిన ఆధారం, అనేస్తారు. హెమింగ్‌వే కూర్చిన గోదావరి గెజెటీర్ 1907 నాటిది. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే ఆ కట్టడం విషయంలో అది అర్ధశతాబ్దం తర్వాత కూర్చిన పుస్తకం. అదే 1907 నాటి జిల్లా గురించి రాసేటప్పుడు మాత్రం మూలాధారమే. నువ్వు అడిగే ప్రశ్నని బట్టి దాని హోదా మారిపోతుంది. మే 15న కాటన్ జయంతికి పేపర్లలో వచ్చే వ్యాసాలూ అంతే. 1852 సంగతులకు అవి పనికిరావు. జనం ఆయన్ని ఇవాళ ఎలా తలుచుకుంటున్నారో రాయాలంటే వాటిని మించినవి లేవు.

శోధ్‌గంగలో (యూనివర్సిటీల థీసిస్‌లు ఉంచే వెబ్‌సైటు) థీసిస్ దొరికితే ముందు చివరి పేజీల్లో ఆధారాల పట్టిక తిరగెయ్యి. పీర్ రివ్యూ, అంటే అచ్చుకు ముందు ఆ రంగం పండితులు చదివి చూడడం, ఉన్న జర్నల్ అయితే మంచిదే, కానీ రివ్యూ చేసేవాళ్లు ఆర్కైవ్స్‌కి వెళ్లి ప్రతి అంకెనూ సరిచూడరు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి అసలు పోకు.

1833 కరువు చావుల అంకెకు ఐదు పుస్తకాలు చూపించావు. వాటి ఫుట్‌నోట్లు పట్టుకుని వెనక్కి వెళ్లు. ఐదూ ఒకే పుస్తకం దగ్గర ఆగితే నీ చేతిలో ఉన్నది ఒక్క ఆధారమే. ఆ కాలపు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మోరులో, తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వెళ్లేముందు మీ గైడ్ దగ్గర లెటర్ తీసుకో.

ఉంటాను.