నల్గొండ ఎవరి కోట అని అడిగే ముందు

"ఎన్టీఆర్ గెలిచిన సీటు, కమ్యూనిస్టులు గెలిచిన సీటు, ఆ తర్వాత కాంగ్రెస్ వరసగా గెలిచిన సీటు. అసలు నల్గొండ ఏ పార్టీ కంచుకోట?" అని ఒకరు నన్ను అడిగారు. ఏ పార్టీదీ కాదు. నేను ఈ ఊళ్లోనే పుట్టాను, ఇక్కడే బడి పంతులుగా ఉద్యోగం చేసి విరమించాను. ప్రతి ఎన్నికకూ టీవీవాళ్లు గడియారం సెంటర్‌లో మైకు పట్టుకుని నిలబడి "కంచుకోట" అంటూ మొదలుపెడతారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోటలో ఉండేది రాజులు. ఇక్కడ ఉన్నది బిందెలు పట్టుకుని వరసలో నిలబడిన జనం.

వివరాలు కావాలంటే చెబుతాను. 1985 అసెంబ్లీ ఎన్నికల్లో ఎన్టీ రామారావు గుడివాడ, హిందూపురంతో పాటు నల్గొండలోనూ పోటీ చేసి మూడు చోట్లా గెలిచారు. హిందూపురం ఉంచుకుని మాది వదిలేశారు. ఉప ఎన్నికలో గడ్డం రుద్రమదేవి గెలిచారు. ముఖ్యమంత్రి మా ఎమ్మెల్యే అయ్యాడని సంబరపడినవాళ్లం, కొద్ది రోజులకే మళ్లీ మామూలు ఊరివాళ్లమయ్యాం. 1994లో సీపీఎం అభ్యర్థి నంద్యాల నర్సింహారెడ్డి గెలిచారు. 1999 నుంచి 2014 దాకా నాలుగు సార్లు కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి. 2018లో కంచర్ల భూపాల్‌రెడ్డి ఆయనను ఓడించారు. 2023లో వెంకట్‌రెడ్డి 54 వేలకు పైగా మెజారిటీతో తిరిగి వచ్చారు. ఇరవై ఏళ్లు ఒకరినే గెలిపించిన ఊరు ఒక్కసారి ఓడించి, మళ్లీ అంత మెజారిటీ ఇచ్చిందంటే, ఈ ఓటరు ఎవరికీ కట్టుబడి లేడనే అర్థం.

కానీ నన్నడిగితే నల్గొండ అసలు ఎన్నిక వీటిలో ఏదీ కాదు. అది 1996 లోక్‌సభ ఎన్నిక. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన పల్లెల గోడు దేశానికి వినిపించాలని జల సాధన సమితి పిలుపునిస్తే వందలమంది నామినేషన్లు వేశారు. బ్యాంకు ఉద్యోగం వదులుకుని వచ్చిన దుశర్ల సత్యనారాయణ దానికి ముందు నిలిచారు. చివరికి బరిలో మిగిలినవారు 480 మంది. అదే ఏడాది బెళగావిలో 456 మంది, తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ సీటులో 1033 మంది నిలబడ్డారు. అయితే వాళ్ల గొడవ వేరు, మాది గుక్కెడు మంచినీళ్ల గొడవ. అన్ని పేర్లు అచ్చువేయడానికి వ్యవధి చాలక మా ఎన్నికను వాయిదా వేశారు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఎంతోకాలం కాలేదు. మునుగోడు వైపు ఒక పల్లెలో పోలింగ్ ఆఫీసరుగా డ్యూటీ పడింది. బ్యాలెట్ పత్రం అనే మాటే సరిపోదు, అది పుస్తకం. కట్టలు మోసుకొచ్చేసరికే చేతులు పీకాయి. పెట్టె పెద్దదే అయినా, ఓటు వేసిన ప్రతి పుస్తకాన్నీ మడిచి లోపలికి కుక్కాల్సి వచ్చింది. మధ్యాహ్నానికి వరస బడి గేటు దాటి చింతచెట్టు దాకా పాకింది.

అప్పుడొచ్చింది ఒక అవ్వ. నడుము పూర్తిగా వంగిపోయింది. తల పైకెత్తలేక నా బల్ల అంచును చూస్తూ మాట్లాడింది. వేళ్లు విప్పుకోవడం లేదు, సిరా చుక్క పెట్టడానికి నేనే ఆమె వేలు పట్టుకుని నెమ్మదిగా చాపాను. పుస్తకం చేతికివ్వగానే, "బిడ్డా, ఇందులో నా కొడుకు ఎక్కడున్నాడు?" అని అడిగింది. ఆమె కొడుకు ఆ 480 మందిలో ఒకడు. ధరావతు (డిపాజిట్) 500 రూపాయలు ఊళ్లో చందాలు వేసి కట్టారట. పేజీ చూపించడానికి నాకు నిబంధన ఒప్పుకోదు. చేతకానివారు తోడుగా ఒకరిని తీసుకుపోవచ్చని ప్రిసైడింగ్ ఆఫీసరు చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. "నా కొడుకుకు నేనే గుద్దుతాను, గుర్తు నాకు తెలుసు" అంది. అట్టల చాటున ఒక్కో పేజీ తిప్పుతున్న చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. బయట జనం కేకలు వేశారు. లోపల నలుగురం ఉద్యోగులం ఒక్క మాట మాట్లాడలేదు. ఎంతసేపు పట్టిందో కానీ ముద్ర వేసి బయటికి వచ్చి, పుస్తకం తనే పెట్టెలోకి నెట్టింది.

ఆ ఎన్నికలో సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. 477 మందికి ధరావతు పోయింది. ఆ వెంటనే ఢిల్లీ ఏం చేసిందో చూడండి. నీళ్ల సంగతి కంటే ముందు చట్టం మార్చింది. లోక్‌సభ ధరావతును 500 నుంచి 10 వేలకు పెంచింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు ఉండాలంది. ఇప్పుడు ధరావతు 25 వేలు. చందాలు వేసుకున్న ఆ పల్లె ఈ రోజు ఆ పని చేయగలదా? 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అంత డబ్బూ కట్టి నిలబడితే మొత్తం 185 మంది అయ్యారు. వాళ్లను చూసినప్పుడు మా అవ్వే గుర్తొచ్చింది.

నీళ్లు తర్వాత వచ్చాయి, నెమ్మదిగా. సాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి పానగల్లులోని ఉదయసముద్రం చెరువు నింపాక పట్టణం గొంతు తడిసింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. శ్రీశైలం నీళ్లను మా జిల్లాకు తేవాల్సిన సొరంగం మాత్రం నేటికీ పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరిలో అది కూలి ఎనిమిది మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. 1999 తర్వాత ఈ సీటులో పడిన ప్రతి ఓటు వెనుకా నీళ్ల లెక్క ఉందని నా గట్టి నమ్మకం. బాధేమిటంటే, నల్లా నీళ్లు వచ్చాక పట్టణంవాళ్లం ఆ పల్లెలను మరిచిపోయాం. మా వీధిలో పిల్లలకు 480 అంటే ఏమిటో తెలియదు.

ఆ రోజు వాడని బ్యాలెట్లన్నీ లెక్క చెప్పి అప్పగించేశాం. ఒక్కటి కూడా దాచుకోవడానికి వీల్లేదు. పానగల్లులో ప్రదర్శనశాల ఉంది, పాత శిల్పాలు, శాసనాలు భద్రంగా ఉన్నాయి. ఏ ప్రభుత్వ గదిలోనైనా ఆ పుస్తకం ఒకటి మిగిలి ఉంటే తెచ్చి వాటి పక్కన పెట్టండి. పేజీలు తెరిచి పెట్టండి, ఆ పేర్లు చదవడానికి వీలుగా.