అత్తమ్మ వేళ్లు పడతలేవు, పింఛన్ బ్యాంకులో వేయించాల్నా?

ప్రశ్న: అన్నా, మాది దేవరకొండ దిక్కు పల్లె. మా అత్తమ్మకు వృద్ధాప్య పింఛన్ 2016 రూపాయలు వస్తది. పత్తి ఏరి, నాట్లేసి వేళ్లు అరిగిపోయినయి. పోస్టాఫీసు మిషన్ మీద ముద్ర పడక రెండు నెలల సంది వట్టి చేతులతోనే తిరిగొస్తున్నది. పైసలిచ్చినప్పుడు కూడా చిల్లర లేదని పదహారు రూపాయలు ఇయ్యరు. ‘బ్యాంకుల వేయిస్తే ఈ తిప్పలుండయి, కార్డు నా దగ్గర ఉంచుకుంట’ అంటున్నడు పట్నంల ఉండే మా మరిది. ఏం చెయ్యాలె?

జవాబు: చెల్లె, పల్లె పోస్టాఫీసులో కూర్చొని ఏండ్ల తరబడి ఈ పింఛన్లు పంచినోణ్ని. మీ అత్తమ్మలాంటి వేళ్లు వందలు పట్టుకొని చూసిన. నాట్ల కాలంలో మరీ కష్టం. బురదలో నానిన వేలు పాలిపోయి ముడతలు పడి ఉంటది, గీతలే దొరకవు. గోరువెచ్చని నీళ్లతో కడిగించి, తువ్వాలుతో పొడిగా తుడిచి, వేలికొసకు ఇంత కొబ్బరినూనె రుద్ది, కాసేపాగి పెట్టించేటోణ్ని. బొటనవేలు పడనామెకు ఒక్కోసారి ఉంగరపువేలు పడేది. పది వేళ్లూ చూడకుండా ‘పడతలేదు, పో’ అనడం తప్పు.

2025లో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి కూడా వచ్చింది. ముఖం ఫొటో తీసి చూడమని గట్టిగా అడగండి. అదీ కాకపోతే పంచాయతీ కార్యదర్శిని కలవండి. వేళ్లు పడనోళ్లకు ఆయన వేలిముద్రతో ఇప్పించిన సందర్భాలు నా సర్వీసులో చాలా ఉన్నయి.

ఇగ బ్యాంకు సంగతి. నేనైతే వద్దంట. కార్డు కొడుకు జేబులో ఉంటే, మందుబిళ్లలకు కూడా ఆమె ఫోన్ చేసి అడుక్కోవాలె. మీ మరిది మంచోడే కావచ్చు, అయినా ఆ పైసలు ఆమెవి.

మిషన్లే చెడ్డవని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010–12 మధ్య మన నల్లగొండతో కలిపి ఎనిమిది జిల్లాల్లో పింఛన్లు, ఉపాధి కూలి వేలిముద్ర చూసి ఇచ్చేటందుకు స్మార్ట్‌కార్డులు ఇచ్చి, ఫలితమెట్లుందో పరిశోధకులు లెక్కగట్టిన్రు. ఉపాధి కూలి తొందరగా అందింది, నడుమ మాయమయ్యేది తగ్గింది, ఎక్కువమంది కొత్త పద్ధతే బాగుందన్నరు. అయితే ఒకటి యాది పెట్టుకోవాలె. అప్పుడు వేలిముద్రతో మనిషిని గుర్తుపట్టింది మిషనే గానీ, ఊర్లనే చేతుల పడ్డయి మాత్రం నోట్లు. బస్సెక్కి మండలానికి పోయే పని లేకపోయింది. ముసలోళ్లకు కావాల్సింది అదే.

పదహారు రూపాయలు వదులుకోవద్దు. నాలుగు ఐదువందల నోట్లు, ఒక పది, ఒక ఐదు బిళ్ల, ఒక రూపాయి బిళ్ల: లెక్క ఇంతే. పంచేరోజుకు చిల్లర తెచ్చిపెట్టుకోవడం ఇచ్చేటోళ్ల పని. ఈసారి ఆధార్ పట్టుకొని మీరు కూడా వెంబడి పోండి. ఆమె ముందరనే లెక్కపెట్టి, ఆమె కొంగులోనే కట్టించండి.