వంటింటి ప్రశ్నలు: పెనం మీద పిజ్జా

ప్రశ్న: పిన్నిగారూ, మాది పలాస. మా పాప ఏడో తరగతి చదువుతోంది. ఈసారి పుట్టినరోజుకి కేక్ వద్దు, పిజ్జా కావాలంది. మాకు ఓవెన్ లేదు. మైదాలో పెరుగు, వంటసోడా వేసి పూరీ పిండిలా కలిపి, పెనం మీద సన్నమంటపై అరగంట ఉంచాను. పైన చీజ్ సరిగ్గా కరగలేదు, కింద రొట్టె చెక్కలా గట్టిపడింది. పాప ఏమీ అనకుండా తినేసింది గానీ నాకే మనసు ఉండబట్టలేదు. ఓవెన్ కొనక తప్పదా? అసలు పిల్లలకి దీని మీద ఇంత ఇష్టం ఎందుకు?
— ఒక తల్లి, పలాస

జవాబు: ఓవెన్ కొనక్కర్లేదమ్మా, మీ పెనం చాలు. నాకూ మొదటిసారి ఇలాగే అయింది. వేసవి సెలవులకి మా మనవడు శ్రీకాకుళం వచ్చినప్పుడు చేశాను. రొట్టె గట్టిపడింది, మూతకి పట్టిన ఆవిరి చీజ్ మీద చుక్కలుగా కారింది. వాడు పైపైన తిని అంచులన్నీ వదిలేశాడు. ఆ రాత్రి పడుకున్నాక మా అమ్మమ్మ దిబ్బరొట్టె గుర్తొచ్చింది. కుంపటి మీద మందపాటి గిన్నె పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేది ఆవిడ. రెండు వైపులా ఎర్రగా కాలి, లోపల దూదిలా ఉండేది.

ఓవెన్ చేసే పనీ అదే. పిజ్జా పుట్టిన ఇటలీలోని నేపుల్స్‌లో గూడులాంటి కట్టెల పొయ్యి వాడతారు. అందులో వేడి 450 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా బయటికి వచ్చేస్తుంది. అంత తొందరగా కాలడం వల్ల పిండిలో తడి లోపలే ఉంటుంది. మీరు అరగంట ఉంచేసరికి ఆ తడంతా ఎగిరిపోయిందమ్మా.

మనకి పైనుంచి వేడి లేదు కాబట్టి రొట్టెనే తిరగెయ్యాలి. ముందు పిండి సంగతి. పావుకిలో మైదాకి చెంచాడు ఇన్‌స్టంట్ ఈస్ట్, చెంచాడు పంచదార, ముప్పావు చెంచా ఉప్పు, 160 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. వేలు పెడితే నీళ్లు చురుక్కుమనకూడదు, మరీ వేడైతే ఈస్ట్ చచ్చిపోతుంది. పిండి చేతికి అంటుకునేంత మెత్తగా ఉండాలి. అంటుకుంటోందని ఇంకాస్త మైదా జల్లేస్తారు చూడండి, చాలామంది దగ్గర రొట్టె పాడయ్యేది అక్కడే. చేతికి నూనె రాసుకుని పది నిమిషాలు మర్దించండి, అదే దారికొస్తుంది. తర్వాత మూత పెట్టి వదిలెయ్యండి. మే నెలలో గంటకే రెట్టింపవుతుంది, సంక్రాంతి రోజుల్లో రెండు గంటలు పట్టొచ్చు. గిన్నెలో పిండి పొంగిందా లేదా అన్నదే చూసుకోండి. పెరుగు, సోడాతో కూడా రొట్టె వస్తుంది గానీ పులిసిన పిండి వాసన రాదు. పులియని పిండితో ఇడ్లీ వేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా.

నాలుగు పండిన టమాటాలు వెల్లుల్లితో మగ్గించి, గరిటెకి అంటుకునేదాకా నీరు ఇగర్చండి. ఉల్లిపాయ, క్యాప్సికం కూడా ఒక్కసారి వేయించి నీళ్లు పోగొట్టండి. చీజ్ అంటే స్లైసులు వద్దు, మొజరెల్లా తెచ్చుకోండి. తురిమి, అరగంట ముందే ఫ్రిజ్ నుంచి తీసి పెట్టండి. చల్లగా వేస్తే కరిగేలోగా కింద మాడుతుంది.

ఈ పిండికి మూడు రొట్టెలు, చపాతీకి రెండింతల మందంలో. ఇనప పెనం బాగా కాగాక రొట్టె వేసి, కింద ఎర్రటి మచ్చలు వచ్చేదాకా రెండు నిమిషాలు కాల్చి పళ్లెంలోకి తిరగెయ్యండి. కాలిన వైపు పైకి ఉంటుంది. దాని మీదే టమాటా ముద్ద పల్చగా రాసి, కూరలు, చీజ్ వేసి, పచ్చివైపు కిందికి వచ్చేలా మళ్లీ పెనం మీదికి జరపండి. మంట తగ్గించి మూత పెడితే నాలుగైదు నిమిషాలు చాలు. మూతకి లోపలివైపు పొడి గుడ్డ చుట్టి, కొసలు పైన ముడేస్తే ఆవిరి చుక్కలు పడవు. కొసలు మంటకి దూరంగా ఉండాలి, జాగ్రత్త. మీది పలాస కాబట్టి చెబుతున్నాను, వేయించిన జీడిబద్దలు నాలుగు చల్లండి. మా ఇంట్లో అవి లేకుండా చెయ్యను.

ఇక పాప ఇష్టం సంగతి. ఒకప్పుడు నేపుల్స్‌లో కూలిపనులకి వెళ్లేవాళ్లు వీధిలో కొనుక్కు తిన్న తిండి ఇది. వలస వెళ్లినవాళ్లతో అమెరికా చేరింది. అక్కడ 1958లో మొదలైన పిజ్జా హట్, 1960లో మొదలైన డామినోస్, రెండూ 1996లో మన దేశంలో అడుగుపెట్టాయి. వేడి రొట్టె, టమాటా పులుపు, ఉప్పు, కరిగిన చీజ్ ఒక్క ముక్కలోనే నోటికి అందుతాయి, పైగా ఒకటి కోస్తే నలుగురు స్నేహితులు పంచుకోవచ్చు. ఏ పిల్లకి నచ్చదు చెప్పండి? అడిగిందని టెన్షన్ పడకండి. మైదా, చీజ్ కాబట్టి నెలకి ఒకసారి చాలు. సగం గోధుమపిండి కలిపితే నీళ్లు రెండు చెంచాలు ఎక్కువ పొయ్యండి.

అట్లకి లాగే దీనికీ పెనం వేడి రెండోదానికి గానీ కుదరదు. మొదటిది మీరు తినెయ్యండి, పాపకి రెండోది పెట్టండి.