సీమంతం గాజులు, సన్నటి లైను

ప్రశ్న: నాకు ఏడో నెల చివర్లో కాన్పయింది. బాబు బరువు 1,300 గ్రాములు. 5 రోజులుగా ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉన్నాడు. చేతికి సన్నటి లైను (నరంలోకి మందులు, పోషకాలు ఎక్కించే గొట్టం) వేశారు. దానివల్ల రక్తంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చని డాక్టర్ అన్నారు. సిస్టర్లేమో వచ్చి ఎత్తుకోమంటున్నారు. ‘‘నువ్వెళ్తే బిడ్డకి ఏదో ఒకటి అంటుతుంది’’ అని మా అత్తయ్య ఆపుతున్నారు. వెళ్లొచ్చా? (ఓ తల్లి, ఖమ్మం)

జవాబు (పసిపిల్లల వార్డులో 24 ఏళ్లుగా పనిచేస్తున్న నర్సు): తప్పకుండా వెళ్లండమ్మా. మీ అత్తయ్యగారి భయం ఉత్తదేం కాదు. తల్లి రక్తం నుంచి బిడ్డకి చేరే రక్షణ చాలావరకు చివరి 3 నెలల్లోనే అందుతుంది. మీవాడు ముందే వచ్చేశాడు. కానీ క్రిములు ఎక్కువగా వచ్చేది చేతుల మీద. మీ చేతులే కాదు, మావి కూడా.

ఓసారి ఒక అమ్మాయి సీమంతం గాజులతోనే వచ్చింది. మోచేతిదాకా సబ్బు రాసుకుంది గానీ గాజుల కిందికి నురగ పోలేదు, చేతికున్న దారం తడిసి ముద్దయింది. ‘‘గాజులు తీయకూడదండీ’’ అని ఏడ్చేసింది. చివరికి వాళ్లమ్మే సబ్బునీళ్లతో ఒక్కొక్కటీ జార్చి కొంగున ముడేసుకుంది. మీరూ ఉంగరాలు, గాజులు, దారాలు తీసేసి, గోళ్లు కత్తిరించుకుని, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడుక్కోండి. మధ్యలో ఫోన్ ముట్టుకుంటే మళ్లీ మొదటి నుంచీ కడగాలి. జలుబో జ్వరమో ఉంటే ముందే చెప్పండి.

లైను సంగతి మేం చూసుకోవాలి. మందు ఎక్కించే ముందు దాని మూతిని స్పిరిట్ స్వాబ్‌తో 15 సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి. పని ఒత్తిడిలో ఆరేదాకా ఆగడమే మాకు కష్టం. అందుకే ‘‘చేతులు కడిగారా సిస్టర్?’’ అని మొహమాటపడకుండా అడగండి, మేం ఏమీ అనుకోం. ‘‘లైను ఇంకా అవసరమా?’’ అని డాక్టర్‌ని కూడా రోజూ అడగండి. బాబు తాగే పాలు పెరిగేకొద్దీ దాన్ని తీసేయొచ్చు. అందుకని 2 మిల్లీలీటర్లు వచ్చినా పారబోయకుండా పిండి ఇవ్వండి.

ఇక ఎత్తుకోవడం. ఇలాంటి బరువున్న పిల్లల్ని పుట్టిన వెంటనే గుండెకి ఆనించుకుంటే మరణాలు 25 శాతం తగ్గాయని, ఇన్‌ఫెక్షన్ అనుమానాలూ తగ్గాయని మన దేశంతో కలిపి 5 దేశాల్లో చేసిన అధ్యయనం 2021లో తేల్చింది. లైనున్నా సిస్టర్ దగ్గరుండి పడుకోబెడతారు. ఒళ్లు చల్లబడినా, పొట్ట ఉబ్బినా, చురుకు తగ్గి మందకొడిగా ఉన్నా వెంటనే చెప్పండి. జ్వరం వస్తుందేమో చూద్దామని ఆగొద్దు, ఇంత చిన్నపిల్లలకి రాకపోవచ్చు.

మీరు అలసిపోతే అత్తయ్యగారు కూడా ఎత్తుకోవచ్చేమో వార్డులో అడగండి. ఆవిడ గాజులూ తీయాల్సిందే.