నాయకత్వం, మేనేజ్‌మెంట్, గవర్నెన్స్: మూడూ ఒకరి చేతిలోనే ఉంటే?

మీ స్వచ్ఛంద సంస్థలో మూడు పనులూ అధ్యక్షులే చూసుకుంటున్నారు, ఇబ్బందేమైనా ఉందా అని అడిగారు. మనిషి మంచివారైతే కొన్నాళ్లు ఏ ఇబ్బందీ ఉండదు. చిక్కంతా అక్కడే. అంతా బాగానే నడుస్తోంది కదా అని లెక్క అడగడం మానేస్తారు.

నేను మండల మహిళా సమాఖ్యలో పనిచేశాను. డ్వాక్రా సంఘాల్లో ఈ మూడూ కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. పది పన్నెండు మందిని కూడగట్టి, ధైర్యం చెప్పి, బ్యాంకు దాకా నడిపించేది నాయకత్వం. వాయిదాలు వసూలు చేసి, కట్టి, పుస్తకాలు రాసేది మేనేజ్‌మెంట్. అప్పు ఎవరికివ్వాలో తీర్మానం చేయడం, లెక్క చూడడం, అవసరమైతే లీడర్లను మార్చడం గవర్నెన్స్. ఈ చివరిది సభ్యులందరి పని.

ఒక సంఘంలో లీడరమ్మ చాలా గట్టి మనిషి. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ లోనుకు మేనేజరు తటపటాయిస్తే, సభ్యులందరినీ వెంటబెట్టుకుని వెళ్లి మాట్లాడి ఇప్పించింది. ఆమె అంటే అందరికీ గురి. ఆ గురితోనే రెండో లీడరు, మాటిమాటికీ కూలి పోగొట్టుకోవడం ఎందుకని, తన సంతకం కూడా కావాల్సిన విత్‌డ్రాయల్ ఫారాల మీద, అవి ఖాళీగా ఉండగానే, ముందే సంతకాలు పెట్టి ఇచ్చేసేది. బుక్ కీపరు వాయిదాలు తీసుకుని సభ్యుల పుస్తకాల్లో శుభ్రంగా రాసేది. బ్యాంకు పాస్‌బుక్ మాత్రం ఏ మీటింగులోనూ ఎవరూ తెరవలేదు.

చివరికి బాకీ కట్టలేదని బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. సభ్యులు కట్టిన వాయిదాల్లో కొన్ని బ్యాంకుకు చేరనే లేదు. లీడరమ్మ ఒక్క రూపాయి ముట్టలేదు, ఆమెకూ సంగతి నోటీసుతోనే తెలిసింది. అయినా ఊరు మొదట అనుమానించింది ఆమెనే. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. నెలనెలా లెక్క అడిగే పద్ధతి ఉండి ఉంటే ఆమెకు ఆ మాట పడేది కాదు.

ఆ తర్వాత సంఘం రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. సంతకాలు మీటింగులోనే, తీర్మానం రాశాకే. బ్యాంకు పాస్‌బుక్‌ను లీడర్లు కాని సభ్యురాలు ఒకరు వంతులవారీగా పైకి చదవాలి. చదువు రానివాళ్ల వంతు వస్తే కూతురో కోడలో పక్కన కూర్చుని చదివేది.

పెద్ద సంస్థల్లోనూ ఇంతే. హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు బోర్డులో ఉన్నారు. ఆ డిసెంబరులో ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనడానికి అదే బోర్డు ఒప్పుకుంది. ఇన్వెస్టర్లు గగ్గోలు పెట్టాకే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న, లెక్కలు పెంచి చూపామని రామలింగరాజు స్వయంగా లేఖ రాశారు. కేంద్రం బోర్డును మార్చింది, ఏప్రిల్‌లో కంపెనీ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. ఆ టెన్షన్‌లోనూ వేలాది ఉద్యోగులు ప్రాజెక్టులు నడుపుతూనే ఉన్నారు. అంటే రోజువారీ పని నడిపే సత్తాకు లోటు లేదు. పైవాళ్లను గట్టిగా నిలదీసేవాళ్లే లేకపోయారు.

మీ అధ్యక్షులను తప్పించనక్కర్లేదు. చెక్కు మీద సంతకం పెట్టే అధికారం లేని ఇద్దరు కమిటీ సభ్యులు ప్రతి నెలా బ్యాంకు స్టేట్‌మెంటు నేరుగా చూసి, మీటింగులో చదివి, మినిట్స్‌లో రాయించాలి. ఈ ప్రతిపాదన అధ్యక్షుల చేతే పెట్టించండి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే ఆ మినిట్స్ పుస్తకమే ఆయనకు అండ అని విడమరిచి చెబితే కాదనరు.